కోతి పడిన చోటు

చచ్చిన కోతికి మా ఊరు కుంబ్రిమనెలో చేసినంత ఘనంగా అంత్యక్రియలు భూమ్మీద ఇంకెక్కడా జరగలేదు. ఏడు ఊళ్ల జనం కదిలొచ్చారు. సరే, పదిమందిమి, ఒక డోలు. హనుమంతుడి అంశ అడవిలో కుళ్లకూడదని హూవప్ప ఆ కోతిని భుజాన వేసుకుని వాగు దాటించి, గుడి వెనక పాతిపెట్టాడు.

మర్నాడు ఆరోగ్యశాఖ తరఫున కోతిజ్వరం మ్యాపు గీసే వేదవతి వచ్చింది. "కోతి ఎక్కడుంది అన్నా?" అనడిగితే హూవప్ప గర్వంగా సమాధి చూపించాడు. ఆమె అక్కడే చుక్క పెట్టి, చుట్టూ గీత గీసింది. కోతి పడిన చోట దాని ఒంటి గోమార్లు రాలి మనుషుల్ని కుట్టి ఆ జ్వరం అంటిస్తాయని, గీత లోపల అడవికి పోవద్దని చెప్పింది.

"వాగు అవతల గీత లేదుగా!" అంటూ హూవప్ప భార్య గుత్యమ్మ కొట్టంలో పరచడానికి ఎండుటాకులు ఏరుకు రావడానికి బయల్దేరింది.

"వెళ్లు మహారాణీ, కోతులు నీకోసమే బెంగపెట్టుకున్నాయి," అన్నాడు మొగుడు.

వారానికి ఆమెకూ, ఊళ్లో ఇంకొందరికీ జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో వేదవతి మ్యాపు విప్పింది.

"జబ్బుపడ్డవాళ్లంతా వాగు అవతల తిరిగినవాళ్లే. చుక్కేమో ఇవతలుంది. ఇదెలా అన్నా?"

హూవప్ప తను కోతిని ఎత్తుకున్న చోట వేలు పెట్టాడు. గుత్యమ్మ ఆకులు ఏరేది అక్కడే. ఆ వేలు ఎంతకీ తీయలేదు.

చుక్క మార్చాక ఊళ్లో ఇంకెవరికీ జ్వరం రాలేదు. గుత్యమ్మ మాత్రం లేవలేదు.

పోయేముందు ఆమె "భక్తితోనే మోశావు కదయ్యా, ఏడవకు," అందని నేను చెబుతుంటాను. ఆ ముక్క నా కల్పన. అప్పటికే ఆమెకు మాట పడిపోయింది. అది హూవప్పకూ తెలుసు. అయినా కనిపించినప్పుడల్లా మళ్లీ చెప్పమంటాడు.