తువ్వాలు పరిచిన బల్ల

నేను ఒక వేప బల్లను. నన్ను చేసిన వడ్రంగి వీరబ్రహ్మం చెయ్యి మంచిదే కానీ తొందరెక్కువ. ఎడమకాలి మేకు సగం దిగగానే టీకి లేచాడు, మళ్లీ దాని మొహం చూడలేదు. అప్పటినుంచీ నా మీద ఎవరు గట్టిగా కదిలినా ఆ మేకు కిర్రుమంటుంది.

మొదట గుంటూరు దగ్గర ఒక టీకొట్లో ఉండేదాన్ని. పనిలేని పెద్దమనుషులు పొద్దస్తమానం నా మీదే కూర్చుని దేశాన్ని బాగుచేసేవాళ్లు. కొట్టు మూతపడ్డాక పక్క ఊరి సర్కారు ఆస్పత్రి వరండాలోకి చేరాను. చుట్టూ మిరప చేలు. ఇక్కడివాళ్లకి కూర్చునే తీరిక లేదు. పొద్దున్నే వచ్చి, వరసలో తమ చోటుకి గుర్తుగా తువ్వాలో టిఫిన్ డబ్బానో పెట్టి, కోతకి పోయే ఆటో ఎక్కేస్తారు. మధ్యలో ఓసారి వచ్చి చూపించుకుందామని ఆశ. చేలోంచి మధ్యలో ఎవరు రానిస్తారు?

కోత కూలీ దీనమ్మది నీలం గళ్ల తువ్వాలు. పరుస్తూ కాసేపు కూలబడి దగ్గేది. ఆ దగ్గుకి నా మేకు కిర్రు కిర్రుమనేది. నాకు భయం వేసేది. సాయంత్రం ఆమె వచ్చేసరికి తలుపుకి తాళం. తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయేది. వారాల తరబడి ఇదే తంతు.

ఒకరోజు జిల్లా నుంచి ఆఫీసరుగారు వచ్చారు. బల్ల నిండా తువ్వాళ్లు, మనిషన్నవాడు లేడు.

"ఎవరూ రాని ఆస్పత్రికి ఇంత ఖర్చు దండగ. మూసేసి డాక్టర్ని టౌనుకి పంపుదాం" అన్నారు.

ఆయన లెక్కలో తప్పు లేదు. దీనమ్మ కూలి అందులోకి రాలేదు, అంతే. నాకు నోరుంటే అక్కడికక్కడే కడిగేసేదాన్ని.

కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ప్రసూన ఆ సాయంత్రం మనసు బాగోక వరండాలోనే ఉండిపోయింది. దీనమ్మ వచ్చి, తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. నీలం గళ్ల మీద నెత్తురు.

"ఇంత జబ్బు పెట్టుకుని పొద్దున కూర్చోకుండా ఎందుకెళ్లిపోతున్నావమ్మా? మందులు ఊరికేగా ఇచ్చేది!"

"మందులు ఊరికేనే డాక్టరమ్మా. కూర్చుంటే కూలి పోద్దిగా. పిల్లలకేం పెట్టను?"

డాక్టరమ్మ నా మీద మిగిలిన తువ్వాళ్లూ డబ్బాలూ ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తర్వాత దీనమ్మని లోపలికి తీసుకెళ్లి కళ్లె పరీక్షకి తీసుకుంది. క్షయ అని తేలింది. మందులు మొదలుపెట్టి, ఆఫీసరుగారికి ఫోన్ చేసింది.

"సార్, జనం రాకపోవడం కాదు, వాళ్లొచ్చే వేళకి మనం ఉండట్లేదు. సాయంత్రం తెరవనివ్వండి."

ఆయన గొణుక్కుంటూనే కొన్నాళ్లు గడువిచ్చారు. కోత ఆటోలు తిరిగొచ్చే వేళకి తలుపులు తెరిచారు. జనం విరగబడ్డారు. మళ్లీ మూసే మాట ఎవరూ ఎత్తలేదు. తువ్వాళ్లు పరిచే పని లేకపోయేసరికి నా పనీ పోయింది. నన్ను మోసుకెళ్లి ఆటోలు ఆగే చోట పడేశారు. కాస్త ఉక్రోషం వచ్చిన మాట నిజం.

దీనమ్మ ఇప్పటికీ పొద్దున్నే నా మీదే కూర్చుని ఆటో కోసం చూస్తుంది. నా ధ్యాసంతా ఆ మేకు మీదే. రాను రాను దాని చప్పుడు తగ్గింది. ఆమె మందులు పూర్తయ్యేసరికి అసలు వినపడడం మానేసింది.

నిన్న ఉన్నట్టుండి మళ్లీ కిర్రుమంది. దగ్గు తిరగబెట్టిందేమో అనుకున్నాను. తీరా చూస్తే, పక్కామె ఏదో అన్నట్టుంది, దీనమ్మ పగలబడి నవ్వుతోంది.