చిటికెన వేలి సాక్ష్యం

నేను ఒక వేలిముద్రల యంత్రాన్ని. చూడ్డానికి సబ్బుబిళ్లంత ఉంటాను. నెత్తిన చిన్న అద్దం, దాని కింద ఎర్ర దీపం, వెనక పొడుగాటి తోక. ఆ తోకను కంప్యూటర్‌కి తగిలిస్తే గానీ నాకు ప్రాణం రాదు. అలాంటి నాకు మనుషులు అప్పజెప్పిన ఉద్యోగం ఏమిటో తెలుసా? వాళ్లు బతికున్నారని రుజువు చెయ్యడం. నవ్వకండి. మనిషి ఎదురుగా కూర్చుని దగ్గుతూ, టీ తాగుతూ, పక్కవాడితో పొలం గట్టు తగాదా చెబుతున్నా సరే, నేను ఔనంటేనే ఆయన బతికున్నట్టు.

పుట్టింది ఎక్కడో దూరాన ఓ ఫ్యాక్టరీలో. నేను చూసిన మొట్టమొదటి వేలు, నన్ను పరీక్షించిన అమ్మాయిది. గోరింటాకు పండిన వేలు. అక్కణ్నుంచి అట్టపెట్టెలో రైలెక్కి, సిక్కోలు వైపు ఓ బజారులో సిమ్ కార్డులమ్మే కొట్టుకు చేరాను. ఆ కొట్టాయన నాకు వేలు కనబడకపోతే నెత్తిన ఒక్కటి చరిచేవాడు. చరిస్తే కళ్లు బాగుపడతాయని ఆయనకెవరు చెప్పారో మరి. కొట్టు మూసేస్తున్నప్పుడు మాజీ సైనికుల సంఘం వాళ్లు నన్ను కొని, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఇచ్చారు. నా అదృష్టం అక్కడే మారింది.

అక్కడ నన్ను చూసుకున్నది త్రినాథ. పూర్వం హవల్దారు, ఇప్పుడు గుమాస్తా. పొద్దున్నే మెత్తని గుడ్డతో నా అద్దం తుడిచేవాడు. నవంబరు వచ్చిందంటే మా వరండా కిటకిటలాడేది. పెన్షన్ తీసుకునే ప్రతి మాజీ సైనికుడూ, పోయిన సైనికుడి భార్యా ఆ నెలలో తాము బతికున్నామని చెప్పుకోవాలి. నడవలేనివాళ్లను సంఘం వాళ్లు ఆటోల్లో తెచ్చేవారు. మంచం దిగలేనివాళ్ల ఇళ్లకు మా ఆఫీసరు, రిటైర్డ్ మేజర్ అనసూయ మేడమ్, స్వయంగా వెళ్లి మనిషిని చూసి సంతకం పెట్టేది. ఆమె సంతకం ఉంటే నా అవసరం లేదు.

ఇంతమంది వేళ్లు చూశాను గదా, సైనికుడి వేలిని ఇట్టే గుర్తుపడతాను. నన్ను గట్టిగా నొక్కేస్తాడు. తుపాకీ మీట నొక్కి నొక్కి ఆ వేలికి అదే అలవాటు. అంత గట్టిగా నొక్కితే గీతలన్నీ అణిగిపోయి నాకేమీ కనబడదు. త్రినాథ ఊరుకునేవాడా? "సాబ్, ఫస్ట్ ప్రెషర్ చాలు. సెకండ్ ఒద్దు, పేలిపోద్ది" అనేవాడు. మీటను ముందు కాస్త నొక్కి ఆగడం, ఆ తర్వాతే కాల్చడం వాళ్లకు శిక్షణలో నేర్పిన పాఠం. ముసలాళ్లందరూ నవ్వి వేలు సడలించేవారు.

ఇప్పుడు నేను బీరువాలో ఉన్నాను. ఫోన్లు మొహం చూసి క్షణంలో తేల్చేస్తున్నాయట. నాకు ఈర్ష్య లేదు, ఒట్టు. ఎవరికీ చాకిరీ చెయ్యకుండా కూర్చోవడం కూడా బాగానే ఉంది. తోచనప్పుడల్లా ఒకే ఒక్క రోజును తలచుకుంటాను.

అది నవంబరు ఆఖరి రోజు. సాయంత్రం నాలుగైంది. మాజీ నాయక్ చింతాడ దాలినాయుడు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. నన్ను చూస్తే ఆయనకు భయం. భయం కాక మరేమిటి? అంతకుముందు ఏడాది ఓ నెట్ సెంటర్లో నాలాంటిదే ఒకటి ఆయన్ని కాదంది. నాలుగు నెలలు పెన్షన్ ఆగిపోయింది. నాలుగు నెలలు కాగితాల్లో చచ్చిపోయి, అనసూయ మేడమ్ వెంటపడి రాసిన ఉత్తరాలతో మళ్లీ బతికిన మనిషి ఆయన. ఆ రోజుల్లో ఆయన భార్య పైడమ్మ ఇరుగింటి బియ్యంతో పొయ్యి వెలిగించింది. ఈసారీ నేను కాదంటే మళ్లీ అదే గతి.

మేడమ్ ఉంటే సంతకంతో సరిపోయేది. ఆమె కొండ ఊళ్లలో మంచాన పడ్డవాళ్లను చూడ్డానికి వెళ్లింది. త్రినాథ పదిసార్లు ఫోన్ చేశాడు. అక్కడ సిగ్నల్ లేదు.

"కూర్చోండి నాయక్ సాబ్. టీ తాగండి ముందు" అన్నాడు.

దాలినాయుడు టీ ముట్టలేదు. కుడి బొటనవేలు పెట్టాడు. నా దీపం వెలిగింది. గీత అన్నది లేదు, నున్నగా ఉంది. సైన్యం నుంచి వచ్చాక ఆయన ముప్పై ఏళ్లు జీడిపిక్కలు కొట్టాడు. ఆ గుల్లలో ఉండే నూనె చర్మాన్ని కాల్చి గీతలన్నీ తినేసింది. చూపుడువేలు, నడిమివేలు, ఎడమచేతివి... తొమ్మిదింటినీ కాదన్నాను. నాకు నోరుంటే ఆ పూట భోరున ఏడ్చేదాన్ని.

"రాసీ బాబూ, సచ్చిపోనానని. నువ్వు మాత్రం ఏటి సేస్తావు" అన్నాడు దాలినాయుడు, లేవబోతూ.

త్రినాథ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇంకో వేలుంది గదా."

ఎడమచేతి చిటికెన వేలు అరచేతిలోకి ముడుచుకుని ఉంది. మంచుకొండల మీద కాపలా ఉన్న రోజుల్లో చలికి కొంకరపోయిన వేలు. ఆయన దాన్ని ఎప్పుడూ గుప్పిట్లోనే దాచుకునేవాడు.

"అదెందుకూ పనికిరాదు బాబూ. పిక్క కూడా పట్టుకోలేదు."

"ఆధార్ తీసినప్పుడు పెట్టారా దీన్ని?"

"ఆ పిల్లోడు బలంగా సాపి పెట్టినాడు. పేణం పోయినంత పనైంది."

త్రినాథ మొహం వెలిగింది. ఆ వేలిని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దాడు. నోటి ఆవిరి పట్టాడు. పావుగంట సేపు పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు ఓపికగా కొంచెం కొంచెం చాపి, నా మీదికి తెచ్చాడు.

"నెమ్మదిగా సాబ్. ఫస్ట్ ప్రెషర్."

వేలు నా మీద వాలింది. ఏం చెప్పను! ముప్పై ఏళ్లు పని చెయ్యలేక అరచేతిలో దాక్కున్న వేలు. జీడి నూనె దాని దరిదాపులకు రాలేదు. కుర్రవాడి వేలికున్నట్టు గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి. చూశాను, ఆధార్‌లో ఉన్న ముద్రతో పోల్చాను, ఔనన్నాను. నా జన్మలో అంత సంతోషంగా ఎవరినీ ఔననలేదు.

త్రినాథ తెర మీద చదివాడు. "నాయక్ చింతాడ దాలినాయుడు. జీవించి ఉన్నారు."

"ఇంకోపాలి సదువు బాబూ."

మళ్లీ చదివాడు. మూడోసారి అడక్కుండానే చదివాడు. దాలినాయుడు ఆ చిటికెన వేలిని కళ్లకద్దుకున్నాడు. "ముప్పయ్యేళ్లుగా దీన్ని తిడతన్నాను బాబూ" అన్నాడు. త్రినాథ మొహం పక్కకు తిప్పుకుని నా అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అప్పటికి నా అద్దం శుభ్రంగానే ఉంది.

టీ చల్లారిపోయింది. అయినా దాలినాయుడు గ్లాసెత్తి గటగటా తాగేసి, జేబులోంచి ఫోన్ తీశాడు.

"పైడమ్మా, పొయ్యి ముట్టించు. బతికే ఉన్నానట. వస్తన్నాను."