ఎక్కడికీ పోని వరస

వేరువేరు విభాగాల వాళ్ళు కలిసి ఒకే ప్రాజెక్టు చెయ్యాలని కాలేజీలో కొత్త నియమం పెట్టారు. దాంతో సాఫ్ట్‌వేరు చదివే కళ్ళజోడు అమ్మాయికి ఇద్దరు జతపడ్డారు: నర్సింగ్ చదివే అక్క, నాటకాలు చదివే నటుడు. ముగ్గురూ కలిసి కాలేజీ ఆసుపత్రిలో రోగుల వరసను నడిపే ప్రోగ్రాం రాయాలి. మొదటిరోజే కళ్ళజోడు కంప్యూటర్ తెరిస్తే అక్క టక్కున మూసేసింది.

"జనం ఎలా ఎదురుచూస్తారో చూడకుండా ఏం రాస్తావే?"

"రోగిగా నేను నిలబడతా," అన్నాడు నటుడు.

కాలేజీ వరండాలో బల్ల వేసి, కాగితం ముక్కల మీద నంబర్లు రాసి పెట్టారు. నటుడు ఒకటో నంబరు తీసుకుని, నడుం పట్టుకుని మూలగడం మొదలుపెట్టాడు. అయిదు నిమిషాల్లో లైబ్రేరియన్ వచ్చి అతని వెనక నిలబడ్డారు. ఆయన వెనక ఇద్దరు గుమాస్తాలు. మధ్యాహ్నానికి వరస మెట్లు దిగి సైకిల్ స్టాండు దాకా పాకింది.

కళ్ళజోడు వరస వెంబడి పరిగెత్తింది. "ఇక్కడేం ఇవ్వట్లేదండీ, ఇది ఉత్తుత్తి వరస!"

"నా ముందు ఒక్కడే ఉన్నాడమ్మా. ఇప్పుడెలా వదులుకుంటాను?" అన్నారు లైబ్రేరియన్.

నిలబడ్డవాళ్ళను ఊరికే చూస్తూ కూర్చోవడం అక్క వల్ల కాలేదు. బీపీ మిషను తెచ్చి, నంబరు పిలిచి ఒక్కొక్కరికీ చూడసాగింది. వాళ్ళు తృప్తిగా వెళ్ళి మరో ఇద్దరిని పంపుతున్నారు.

మూడింటికి మార్కులు వేసే ప్రొఫెసర్ వచ్చారు. "నేను పరీక్ష చెయ్యడానికి వచ్చాను, దారివ్వండి."

"మేమూ పరీక్షకే వచ్చాం సార్, వెనక్కెళ్ళండి!" అని వరసలోంచి అరిచారు.

ఆయన అరవైమూడో నంబరు తీసుకుని వరస చివర నిలబడ్డారు. వంతు వచ్చాక, చెయ్యి చాపి అడిగారు: "ప్రోగ్రాం ఏదమ్మా?"

కళ్ళజోడు కంప్యూటర్ తెరిచి ఖాళీ తెర చూపించింది. "ఒక్క లైనూ రాయలేదు సార్."

"ఆ మాట ఇప్పుడే చెప్పాలా నువ్వు? బీపీ నూట డెబ్భై దాటింది!" అని అక్క కసిరి, ఆయన్ను వెంటనే కాలేజీ ఆసుపత్రికి పంపించింది.

సున్నా ఖాయమనుకుని కళ్ళజోడు డీలా పడిపోయింది. సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు.

"రెండు గంటలుగా ఆసుపత్రిలోనే కూర్చున్నానమ్మా. నా ముందు ఎంతమందో తెలీదు, పిలిచే నాథుడు లేడు. మీ ప్రోగ్రాం ఎప్పటికవుతుంది?"

కళ్ళజోడు గబగబా నోటు పుస్తకం అందుకుంది. "ముందు మీరు చెప్పండి సార్. అక్కడ దేనికి ఎక్కువ చిరాకేస్తోంది?"

ఆయన వంతు వచ్చేలోగా నాలుగు పేజీలు నిండాయి.