నాలుగో పేజీ పాఠకులు

విడవలూరు దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఆ హైస్కూలు డిజిటల్ పఠనంలో జిల్లాకే ఫస్టు వచ్చింది. ఈ మాట వినగానే లైబ్రేరియన్ మగ్దలీనమ్మకు నవ్వు ఆగలేదు. తర్వాతి మాట విన్నాక ఏడుపు ఆగలేదు. పిల్లలంతా సర్కారిచ్చిన ట్యాబుల్లోనే చదివేస్తున్నారు గనక గదిలో ఉన్న రెండు వేల పుస్తకాలూ ఇక దండగట. సన్మానం కాగానే లారీలో గూడూరు గోడౌనుకు తోలేస్తారట. ఇరవై రెండేళ్లు చెదలతోనూ ఉప్పుగాలితోనూ కొట్లాడి ఆవిడ కాపాడుకున్న పుస్తకాలవి. ఆ గోడౌనుకు పోయిన బడిసామాను తిరిగొచ్చిన దాఖలా ఒక్కటీ లేదు.

ట్యాబుల్లో నమోదైన లెక్క ప్రకారం పిల్లలు తెల్లవారుజామున మూడింటి నుంచి ఆరింటిదాకా చదువుతున్నారు. అందరిదీ ఒకటే పుస్తకం, కుందేళ్ల పెంపకం. అందులోనూ నాలుగో పేజీ. హెడ్మాస్టరు సుశీల్ కుమార్ గారు పొంగిపోయి ప్రేయరులో చప్పట్లు కొట్టించారు గానీ, ఆ పేజీలో ఏముందో చూద్దామన్న బుద్ధి ఆయనకు పుట్టలేదు. మగ్దలీనమ్మ చూసింది. ఏమీ లేదు. అచ్చులో వదిలేసిన ఖాళీ పేజీ.

బడికొచ్చే ట్యాబులకు చేప పొలుసులెందుకు అంటుకుని ఉంటున్నాయని పల్లెలో చేపలు ఏరే మస్తానమ్మను అడిగితే, ఆమె దాచలేదు.

"దాంట్లో పుస్తకాలు తప్ప ఇంకేం తెరుచుకోవంట గదా టీచరమ్మా. మా పిల్ల బిందు ఆ తెల్లకాగితం తీసి పెట్టింది. పడవలొచ్చే ఏళకి పక్కన పెట్టుకుంటే వల్లో పీత కాళ్లు కూడా కనపడతాండాయి. ఊరంతా అదే పని. ఛార్జింగు ఎట్టా బడిదే!"

నిజం చెబితే పల్లెకు వెలుగు పోతుంది. నోరు మూసుకుంటే పుస్తకాలు పోతాయి. మగ్దలీనమ్మకు రెండు రోజులు అన్నం సయించలేదు.

సన్మానం రోజు పొద్దున్నే పిల్లల చేత పుస్తకాలన్నీ లారీకెక్కించారు. జిల్లా నుంచి వచ్చిన అధికారి నరేంద్రబాబు గారు మైకు పట్టుకుని, ఈ తీరంలో త్వరలో కుందేళ్ల విప్లవం రాబోతోందన్నారు. వెనక కూర్చున్న బెస్తవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయన తనకు శాలువా కప్పేటప్పుడు మగ్దలీనమ్మ ఆయన చెవి దగ్గర సంగతంతా నాలుగు ముక్కల్లో చెప్పేసింది.

ఆయన కుడితిలో పడ్డ ఎలకలా అయిపోయారు. "పైకి రిపోర్టు పోయింది మేడం," అన్నారు గొణుగుతూ.

"పోనీండి సార్. నేను నోరు తెరవను. వాళ్ల ట్యాబుల జోలికి మీరు పోవద్దు. లారీ మాత్రం ఖాళీగా పోవాల."

ఆయన శాలువా సర్దుతున్నట్టు నటిస్తూ కాసేపు ఆలోచించి, తల ఊపారు. బెదిరించి గెలవడం మగ్దలీనమ్మకు కొత్త. ఆదివారం ప్రార్థనలో ఒప్పుకోవాల్సిన పాపాల్లో దీన్నీ చేర్చాలా అనుకుంది. సిగ్గేసింది, సంతోషమూ వేసింది. సంతోషమే ఎక్కువ.

పుస్తకాలు తిరిగి దించమన్నారు. ఎక్కించడానికి అరగంట పట్టిన పని మధ్యాహ్నం దాటినా తెమల్లేదు. కట్టలు ఊడిపోయాయి. లారీ మీద బిందు కాళ్లు వేలాడేసుకుని ఒకటి తెరిచి కూర్చుంది. కింద ఇద్దరు ఒకే పుస్తకం మీద తలలు ఆనించారు. ఇంకొకడు మెట్ల దగ్గరే ఆగిపోయి పేజీ తిప్పుతున్నాడు. డ్రైవరు హారను కొట్టి కొట్టి విసిగిపోయి, తనూ ఒకటి తీశాడు.

త్వరగా దించండని అరవబోయిన మగ్దలీనమ్మ నోరు మూసుకుంది.