నలభై ఏడో బిళ్ళ

ఎండ మాడ్చేస్తున్నా వదిన అడవి దారి ఊడుస్తూనే ఉంది. ఈ పాత గని చోటుని మర్నాడే జనం చూడ్డానికి తెరుస్తారు. గని మూతపడిన ఇరవై రెండేళ్లలో బొగ్గుదిబ్బల మీద చెట్లు బాగానే ఎదిగాయి. ఆమె మరిది, అడవి కాపలాదారు, వాటి కింది నేలని నమ్మడు. వాన పడిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట నేల జానెడు కుంగుతుంది.

పాత దీపాల గదిలో అతను గోడకున్న ఇత్తడి బిళ్ళలు తుడుస్తున్నాడు. గనిలోకి దిగేవాడు తన అంకె బిళ్ళ వెంట తీసుకెళ్లి, పైకొచ్చాక తన చేత్తోనే కొక్కేనికి తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉంటే మనిషి లోపలున్నట్టు. కప్పు కూలిన రోజు పదకొండు కొక్కేలు ఖాళీ. పదకొండు శవాలు తీసి గని నోరు మూసేశారు. కంపెనీ మనుషుల్ని కాదు, గోడని లెక్కపెట్టింది.

అతని అన్న బిళ్ళ, నలభై ఏడోది, గోడ మీదే ఉంది కాబట్టి పైకొచ్చి ఎటో పారిపోయాడన్నారు. అప్పట్నుంచి వదిన పడని మాట లేదు.

ఆమె వచ్చి గుమ్మంలో కూలబడింది. "పోయినోళ్ల పేర్లతో రేపు పెట్టే రాయి మీద మీ అన్న పేరు లేదటగా?"

"లేదు వదినా."

"పారిపోయినోడికి రాయెందుకులే," అని నవ్వింది. ఆ నవ్వు అతను చూడలేకపోయాడు.

"ఆ బిళ్ళ అన్న తగిలించలేదు. నేనే తగిలించా. నేను ముందు పైకొస్తుంటే చేతిలో పెట్టాడు. పైన వరస పెద్దది, నాది కూడా తగిలించెయ్, వెనకే వస్తా అన్నాడు. అందరం అలాగే చేసేవాళ్లం. చెబితే పనిలోంచి పీకేస్తారని నోరు మూసుకున్నా."

వదిన ఏడవలేదు. "వెతికితే దొరికేవాడా?"

"మూడు రోజులు లోపల్నుంచి గొట్టం మీద చప్పుడొచ్చింది. అది నీళ్ల చప్పుడన్నారు. నేనూ నీళ్లే అన్నా."

ఆమె అతని మొహంలోకి చూడలేదు.

రేపటి ఏర్పాట్లు చూస్తున్న అధికారి లోపలికొచ్చాడు. "ఇంకా కాలేదా? బిళ్ళల మీద అద్దం బిగించాలి."

కాపలాదారు నలభై ఏడో బిళ్ళ తీసి పిడికిట్లో పట్టుకున్నాడు.

"అదెందుకు తీశావ్? పెట్టెయ్."

"పెట్టనండి."

"ఉద్యోగం ఉండాలా, వద్దా?"

అప్పుడూ ఇదే ప్రశ్న. ఈసారి బిళ్ళ వదల్లేదు. "దీన్ని తగిలించాల్సినోడు ఇంకా పైకి రాలేదండి."

వదిన లేచి చెయ్యి చాపింది. అతను బిళ్ళ ఆ చేతిలో పెట్టాడు. గోడ మీద పన్నెండు కొక్కేలు ఖాళీ.