బెర్గెన్ వానలో సుభద్ర

విశ్వనాథానికి డెంగీ రాకపోయి ఉంటే సుభద్ర ఆయన లేకుండా ఓడ ఎక్కేదే కాదు.

నార్వే తీరం వెంబడి ఓడలో తిరిగి రావాలని భార్యాభర్తలిద్దరూ ఏడాది నుంచి అనుకుంటున్నారు. ఆయన రిటైరయ్యేదాకా సెంబవాంగ్ షిప్‌యార్డులో ఇంజనీరుగా చేశాడు. ఎన్నో ఓడల కడుపుల్లోకి దూరి బయటికొచ్చాడు గాని, ప్రయాణికుడిగా ఒక్కదాంట్లోనూ అడుగు పెట్టలేదు. తీరా బయల్దేరే వారంలో జ్వరం తగిలింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, విమానం ఎక్కడానికి వీల్లేదన్నారు డాక్టర్లు.

"నేనూ మానేస్తాను" అంది సుభద్ర.

కూతురు అమూల్య ఒప్పుకోలేదు. "తారా ఆంటీ ఉంది కదమ్మా నీకు తోడు. నాన్నను నేను చూసుకుంటా. యూ జస్ట్ గో లా" అంది.

తారాదేవి టాంపినీస్‌లో వాళ్ల పక్క బ్లాకులోనే ఉంటుంది. ఆమె, మరో నలుగురు ఆడవాళ్లు అదే ఓడకి వెళ్తున్నారు. విశ్వనాథం ఆస్పత్రి మంచం మీంచే సుభద్రకి అన్నీ అప్పజెప్పాడు. పాస్‌పోర్టు ఓడ గదిలోనే ఉంచు, ఓడవాళ్లిచ్చే కార్డు మెళ్లో వేసుకో, గుంపు వదలకు. పెళ్లయినప్పటినుంచీ ఏ ఊరు వెళ్లినా పాస్‌పోర్టులు ఆయన చొక్కా జేబులో ఉండేవి, అడగాల్సినవాళ్లను ఆయనే అడిగేవాడు. వానొస్తే గొడుగు ఆయన చేతిలో ఉండేది, ఆవిడ దాని కింద నడిచేది. అలా నడవడం ఇద్దరికీ అలవాటైపోయింది.

ఓడ బెర్గెన్ చేరిన రోజు, టాంపినీస్‌లో సాయంత్రం కావస్తున్నా ఎండ ఇంకా దిగలేదు; బెర్గెన్‌లో అప్పటికింకా పొద్దుటిపూటే. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసిన విశ్వనాథం గంజి తాగి సోఫాలో నడుం వాల్చాడు. ఫోను మోగింది. వీడియో కాల్. తెరమీద పసుపు రంగు ప్లాస్టిక్ టోపీ, దాని అంచునించి కారుతున్న నీళ్లు, ఆ నీళ్ల వెనక సుభద్ర మొహం.

"ఏవండీ, నేను తప్పిపోయాను."

ఆయన లేచి కూచున్నాడు.

జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పింది. పొద్దున్నే బస్సులో ఊరు చూపించడానికి తీసుకొచ్చారు. వాన వదల్లేదు. అందరికీ పసుపు రెయిన్‌కోట్లు పంచిపెట్టారు. కొండమీదికి తీసుకెళ్లారు గాని, పొగమంచులో ఏమీ కనపడలేదు. తర్వాత చెక్క ఇళ్ల సందుల్లో నడిపించారు. ఓ కిటికీలో పూలకుండీలు ముచ్చటగా ఉంటే ఫోటో తీసుకుని, ముందు పోతున్న తారాదేవి వెనకాలే నడిచింది. రెండు మలుపులు తిరిగాక ఆ మనిషి ఓ ఇంటి ముందాగి, తాళం తీసి, ఈవిడ వైపు చూసి నవ్వి లోపలికెళ్లిపోయింది. తారాదేవి కాదు. ఆ ఊరి ముసలావిడ. వాన పడితే అక్కడ సగం మంది వేసుకునేవి అలాంటి రెయిన్‌కోట్లే.

"తారకి చెయ్యి."

"దాని ఫోను ఓడలో వైఫై ఉంటేనే పని చేస్తుందటండీ."

"సరే, కంగారుపడకు. వీధి పేరు చదువు." ఆయన ట్యాబ్ తీసి మ్యాపు తెరిచాడు.

"ఇంగ్లీషు అక్షరాలే గాని, ఓ మీద అడ్డంగా గీత కొట్టేసి ఉందండీ. నాకు పలకడం రావట్లేదు."

"పలకొద్దు. ఒక్కో అక్షరం చెప్పు."

ఆవిడ చెప్పింది. సగం అక్షరాలు వాన చప్పుడులో కొట్టుకుపోయాయి. ఆయనకు ఆ అక్షరాలకు దగ్గరగా ఓ పేరు దొరికింది. "కిందికి దిగు. కిందికి ఎటు వెళ్లినా సముద్రమే వస్తుంది, ఓడ అక్కడే" అన్నాడు. తెరలో రాళ్లు పరిచిన దారి ఊగుతూ కదిలింది. తెల్లటి గోడలు, తెల్లటి తలుపులు, మళ్లీ అవే గోడలు. కాసేపటికి కెమెరా మీద నీళ్లు నిండి ఏమీ కనపడలేదు.

"ఫోను తుడువు."

"తుడవడానికి ఒంటిమీద పొడిబట్ట ఏదండీ? ఇక్కడ మెట్లున్నాయి. నిట్టనిలువుగా ఉన్నాయి, జారుతున్నాయి."

"పట్టుకుని దిగు."

"పట్టుకోడానికేం లేదు."

ఆయన మళ్లీ మ్యాపు చూశాడు. అందులో మెట్లు లేవు. అంటే తను చూస్తున్నది వేరే వీధి. "అయితే ఆగు, దిగొద్దు, వెనక్కి వెళ్లు."

"ఇప్పుడేగా కిందికన్నారు!"

"అప్పుడు చెప్పింది వేరు, ఇప్పుడు వేరు! అసలు గుంపులోంచి ఎందుకు కదిలావు? చిన్నపిల్లవా? పూలకుండీలు ఎప్పుడూ చూళ్లేదా? ఎన్నిసార్లు చెప్పాను సుభద్రా, ఎన్నిసార్లు!"

అవతల ఆవిడ ఆయాసపడుతున్న ఊపిరి వినపడింది. తర్వాత తెర నల్లబడింది.

ఆయన మళ్లీ చేశాడు. మోగలేదు. మళ్లీ చేశాడు. ఎవరో యంత్రంలాంటి గొంతుతో తెలియని భాషలో ఏదో చెప్పి పెట్టేస్తున్నారు.

సంగతి తెలిసి అమూల్య బిషాన్‌లోని తన ఇంటినుంచి టాక్సీలో వచ్చేసరికి ఆయన బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికి నాన్నా?"

ఎక్కడికో ఆయనకూ తెలీదు. అంతకుముందే ఓసారి లిఫ్టులో కిందికి వెళ్లి, బ్లాకు కింద కాసేపు తిరిగి పైకొచ్చాడు. కూతురు చెయ్యి పట్టుకుని కూచోబెట్టింది. ఓడ కంపెనీ నంబరుకి చేసింది. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది. బస్సు ఓడరేవుకి తిరిగొచ్చేసిందట. సుభద్రగారి కార్డు ఇంకా స్కాన్ కాలేదు. వెతుకుతున్నారు. ఓడ మరీ ఎక్కువసేపు ఆగడానికి కుదరదంది.

"కుదరదంటే? మనిషిని వదిలేసి పోతారా?" ఆయన ఫోను లాక్కున్నాడు. "నా భార్యకి షుగరుంది. మోకాళ్ల నొప్పులు. ఒక్కతే ఎప్పుడూ ఎక్కడికీ వెళ్లలేదు..." తెలుగులోనే చెప్పేస్తున్నానని తెలిసేసరికి సగం చెప్పేశాడు. ఆ అమ్మాయి మర్యాదగా, "ఐ అండర్‌స్టాండ్ సర్" అంది.

చీకటి పడబోతుండగా తారాదేవి ఓడ నుంచి చేసింది. మాటకంటే ముందు ఏడుపు వినపడింది.

"అన్నయ్యగారూ, నేను దిగిపోతానంటే దిగనివ్వట్లేదు. బస్సులో తలలు లెక్కపెట్టినవాడు సరిగ్గా లెక్కపెట్టలేదు. సుభద్ర పాస్‌పోర్టు గదిలోంచి తీసుకుని ఇక్కడి ఓడరేవు ఏజెంటుకి ఇచ్చారు. నేను దాని షుగరు మాత్రలు, ఒక స్వెట్టరు, పొడి సాక్సులు సంచిలో పెట్టి ఇచ్చాను. అంతకంటే నన్నేమీ చెయ్యనివ్వలేదు."

"ఏడవకు తారా. నువ్వేం చేస్తావు" అన్నాడు విశ్వనాథం. ఆ మాట అంటున్నప్పుడు తనేం చేశాడో గుర్తొచ్చింది.

అమూల్య ఫోన్లో ఓడలు ఎక్కడున్నాయో చూపించే మ్యాపు తెరిచింది. బెర్గెన్ రేవులో ఒక నీలం చుక్క. తండ్రీకూతుళ్లు దాన్నే చూస్తూ కూచున్నారు. ఓడ కదిలే ముందు ఏమేం చేస్తారో ఆయనకు కళ్లకు కట్టినట్టు తెలుసు. ముందు ఓడెక్కే మెట్లు లాగేస్తారు. తర్వాత ముందువైపు తాళ్లు వదులుతారు. ఇంజను గొంతు మారుతుంది, కాళ్ల కింద ఇనుము వణుకుతుంది. చుక్క కదిలింది. ముందు కదిలినట్టు అనిపించలేదు. తర్వాత రేవు గీత దాటి నీళ్లలోకి జరిగింది.

"నాన్నా, మంచినీళ్లు తాగు."

ఆయన తాగలేదు. "నేనరిచాను అమ్మలూ. అక్కడ వానలో మెట్లమీద నిలబడ్డదాన్ని పట్టుకుని అరిచాను" అన్నాడు.

అమూల్య గ్లాసు మళ్లీ ఆయన చేతికిచ్చింది.

ఇంకాసేపటికి నార్వే నంబరు నుంచి ఫోనొచ్చింది. అమూల్య స్పీకర్‌లో పెట్టింది.

"అమ్మలూ, నేనే. నాన్నగారు మాత్రలు వేసుకున్నారా?" అంది సుభద్ర. మామూలుగా కూరల మార్కెట్టు నుంచి చేసినట్టుంది గొంతు.

అమూల్య ఏడ్చేసింది. విశ్వనాథం ఫోను దగ్గరికి వంగి, "ఎక్కడున్నావు?" అన్నాడు.

"ఏజెంటుగారి ఆఫీసులోనండీ. ఇది ఆయన ఫోను. ఇందాక ఒక ఊలు కొట్లోకి వెళ్లాను. ఆవిడ నన్ను చూసి ముందు తువ్వాలు ఇచ్చింది, తర్వాత కాఫీ ఇచ్చింది. నా మెళ్లో కార్డు చూసి ఎవరికో ఫోన్లు చేసింది. ఈయన వచ్చేసరికే ఓడ వెళ్లిపోయిందట. రాత్రికి ఇక్కడే హోటల్లో పడుకోబెడతారట. రేపు పొద్దున బస్సెక్కిస్తే మధ్యాహ్నానికి తర్వాతి రేవు స్టవాంగర్‌లో ఓడ అందుకోవచ్చట."

"ఛార్జింగ్ అయిపోయిందా? ఎంత సేపటినుంచి చేస్తున్నానో తెలుసా?"

"అవలేదండీ. నేనే కట్టేశాను."

"ఎందుకు?"

"మీరు అరుస్తుంటే నాకు కాళ్లు కదల్లేదు. కిందికా పైకా, కుడికా ఎడమకా ఏమీ తెలియకుండా పోయింది. కోప్పడకండి. కట్టేసి, ఆ మెట్లమీదే కూచుని కాసేపు ఏడ్చాను. ఏడ్చాక తలెత్తి చూస్తే ఎదురుగా కొట్లో దీపం వెలుగుతోంది. వెళ్లి తలుపు తోశాను."

అమూల్య తండ్రి వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూసింది.

"సరే" అన్నాడు విశ్వనాథం. తర్వాత, అలవాటు ఊరుకోదు గనక, "రేపు బస్సెక్కేటప్పుడు ముందు..." అని మొదలెట్టాడు.

"ఏవండీ" అంది సుభద్ర. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టుగా. "దారి చెప్పకండి. ఊరికే ఏదైనా మాట్లాడండి. ఒక్కదాన్నే ఉన్నాను."

ఆయనకు ఊరికే ఏం మాట్లాడాలో తోచలేదు. అవతల ఆవిడ ఎదురుచూస్తోంది. దూరంగా ఎవరో నార్వే భాషలో మాట్లాడుకుంటున్నారు.

"గంజి బావుంది ఇవాళ" అన్నాడు చివరికి.

"ఉప్పు తక్కువేసిందా అమ్మలు?"

"తక్కువే."

"ఎప్పుడూ అంతే అది" అంది సుభద్ర. ఏజెంటు పిలుస్తున్నాడని, మళ్లీ చేస్తానని పెట్టేసింది.

మర్నాడు ఆయన రోజంతా ఫోను చేతిలో పట్టుకునే ఉన్నాడు. చెయ్యలేదు. మధ్యాహ్నం దాటాక ఆవిడే చేసింది, ఈసారి తన ఫోనునుంచే. బస్సు కొండల మధ్య పోతోందట. వాన తగ్గలేదట. కొండల మీంచి జలపాతాలు తెల్లదారాల్లా రోడ్డుదాకా వేలాడుతున్నాయట. బెల్టు పెట్టుకున్నావా అని అడగబోయి మానేశాడాయన. ఆవిడ చెబుతుండగానే బస్సు ఏదో సొరంగంలో దూరింది, లైను తెగిపోయింది.

సాయంత్రం మెసేజ్ వచ్చింది. "ఓడ ఎక్కాను. తార నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు."

ఆయన జవాబు టైపు చేశాడు. కొట్టేశాడు. మళ్లీ చేసి మళ్లీ కొట్టేశాడు. ఎంతసేపటికీ ఒక్క ముక్క కుదరలేదు. ఆఖరికి "సరే" అని పంపి, ఆవిడ చూసిందో లేదోనని తెరవైపే చూస్తూ కూచున్నాడు.