బింగో వేళ సూది

డెల్ఫిన్‌కి ఆ తెల్ల ట్రక్కంటే ఒళ్ళు మంట. కెనడాలోని మానిటోబా రాష్ట్రం ఉత్తరపు కొసన ఉన్న ఆ ఊరి ఆరోగ్య కేంద్రానికి అదొక్కటే బండి. అది ఎవరింటి ముందు ఆగితే వాళ్ళింట్లో సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్నట్టేనని ఊరు తీర్మానించుకుంది. ఆ మధ్య ఎవరి పిల్లాడికో చెవిలో మందు వేయడానికి ఆగితే, సాయంత్రానికల్లా ఆ మొగుడూ పెళ్ళాలకు మాటల్లేవు. కుండకు మూత పెట్టొచ్చు గానీ ఊరి నోటికి పెట్టలేం. పుట్టిన ఊరికే నర్సుగా వస్తానని పట్టుబట్టినందుకు ఆమె తనను తాను తిట్టుకోని రోజు లేదు.

ఇప్పుడు తగులుకున్నవాడు గార్నెట్. అతని భార్య టానిస్‌కి ఏడో నెల. మొదటి పరీక్షలో జబ్బు బయటపడగానే డెల్ఫిన్ పెన్సిలిన్ వేసింది. తగ్గుముఖం పట్టింది, హమ్మయ్య అనుకుంది. ఈసారి పరీక్షలో చూస్తే మళ్ళీ పెరిగి కూర్చుంది. ఎందుకు పెరగదు? గనిలో పనిచేసి సెలవులకు ఇంటికొచ్చే గార్నెట్ ఒక్క సూదీ వేయించుకోలేదు. వచ్చినప్పుడల్లా ఆమెకు తిరిగి అంటించి పోతున్నాడు. ఇలాగే సాగితే బిడ్డ కడుపులోనే పోవచ్చు. బతికి బయటపడినా చూపో వినికిడో పోవచ్చు. టానిస్‌కి మళ్ళీ సూదులు మొదలుపెట్టింది. అవి నిలవాలంటే ఈ మహానుభావుడికీ పడాలి.

రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళింది. ట్రక్కు మలుపు తిరగడం చూసి అతను వెనక తలుపులోంచి అడవిలోకి ఉడాయించాడు. చివరికి దుకాణం దగ్గర దొరికితే, తనకు నొప్పీ లేదు పుండూ లేదన్నాడు. అయినా టానిస్‌కి వేశారు కదా, ఇంటికొకటి చాలదా అని నింపాదిగా అడిగాడు. ఆ ఊళ్ళో ఒకడు దుప్పిని కొడితే ఇల్లిల్లూ పంచుకుని తింటారు. దగ్గు మందు సీసా నాలుగు కొంపలు తిరిగొస్తుంది. ఇదీ అదే లెక్క అనుకున్నాడు పెద్దమనిషి. డెల్ఫిన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. నగరంలోని ఆరోగ్య శాఖ ఆఫీసువాళ్ళు ఫోన్ చేసి భర్తకు వైద్యం ఇంకా ఎందుకు కాలేదని నిలదీస్తే, మీరే వచ్చి అడవిలో వెతుక్కోండని పెట్టేసింది. వాళ్ళు పంపిన పోస్టరులో ఒక జంట చేతులు పట్టుకుని నవ్వుతూ డాక్టరు గదిలోకి నడుస్తుంటుంది. ఆ నవ్వు చూసినప్పుడల్లా చించి పొయ్యిలో పెట్టాలనిపించేది.

ఆఖరికి శుక్రవారం సాయంత్రం బయల్దేరింది. అది రేడియోలో బింగో ఆడే వేళ. ఊరు ఊరంతా రేడియో పక్కన అట్టలు పరుచుకుని, పిలిచిన అంకె మీద రంగు చుక్క పెడుతూ కూర్చుంటుంది. రోడ్డు మీద కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. గార్నెట్ కూడా కదలలేడు. అందరూ కూకమ్ అని పిలిచే వాళ్ళ అమ్మమ్మకు చూపు మందగించాక, ఆమె అట్టల్లో సగం అతనే చూడాలి. డెల్ఫిన్ ట్రక్కును కేంద్రం దగ్గరే వదిలేసి, మందును అన్నం డబ్బాలో పెట్టుకుని మంచులో నడిచింది.

తలుపు టానిస్ తీసింది. నర్సును చూడగానే గార్నెట్ లేవబోయాడు. కూకమ్ తల ఎత్తకుండానే అతని చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

“గార్నెట్, నీతో చిన్న పనుంది. లోపలికి రా,” అంది డెల్ఫిన్.

“ఇప్పుడు కాదత్తా, ఆట మధ్యలో ఉన్నాం,” అన్నాడతను వరస కలిపి.

ముసలామె ముందు ఇంకో మాట జారితే తప్పు. రోగి గుట్టు బయటపెట్టకూడదు. డెల్ఫిన్ పళ్ళు నూరుకుంటూ నిలబడింది. రేడియోలో అంకెలు పడుతూనే ఉన్నాయి.

“తెల్ల బండిని చూసి అడవిలో దాక్కునేవాడికి ఏ సూది వెయ్యాలో నాకు తెలీదట్రా?” అంది కూకమ్. “మీ అమ్మకంటే ముందు నాకొకడు పుట్టాడు. ఒళ్ళంతా పొక్కులే. ఏడవడానిక్కూడా ఓపిక లేదు వాడికి. మీ తాత నీలాగే తనకేం లేదన్నాడు. వాణ్ణి పూడ్చిపెట్టాక వచ్చింది మాకు మందు.”

గార్నెట్ చేతిలో రంగు సీసా అలాగే ఉండిపోయింది. టానిస్ పొట్ట మీద చెయ్యి వేసుకుని గోడకు చేరగిలింది. అన్నేళ్ళుగా ఆ ఇంటికి వచ్చిపోతున్న డెల్ఫిన్‌కి కూడా ఆ పిల్లాడి సంగతి తెలియదు.

“లే. అట్టలు టానిస్ చూస్తుంది,” అంది కూకమ్.

అతను లేచాడు. లోపలి గదిలో మందు ఏదైనా పడకపోవడం ఉందా అని డెల్ఫిన్ అడిగింది. చిక్కటి మందును అరచేతుల మధ్య వెచ్చబెట్టి తుంటికి రెండు వైపులా వేసింది. కెవ్వుమన్నాడు. ఆమె అయ్యో పాపమనలేదు. మందు పడిందో లేదో చూడాలి కాబట్టి వచ్చి బల్ల దగ్గరే కూర్చుంది. గార్నెట్ కూర్చోలేక గోడకు ఆనుకున్నాడు.

రేడియోలో ఎవరో గెలిచారు. టానిస్ కూకమ్ ముందున్న అట్ట చూసి ఆగిపోయింది.

“ఈ నలభై ఏడు ఎప్పుడో పిలిచాడు కదా కూకమ్. చుక్క పెట్టి ఉంటే నువ్వే గెలిచేదానివి.”

“వినబడలేదు,” అంది ముసలామె.

చూపు తగ్గినా, ఆ అట్టల ముందు కూర్చుంటే ఆమె చెవి ఒక్క అంకె వదలదని ఊరందరికీ తెలుసు. కోపం ఎవరి మీద చూపాలో తెలియక డెల్ఫిన్ ఖాళీ డబ్బా మూత గట్టిగా బిగించింది. మిగతా సూదులకు వచ్చే శుక్రవారం ఇలాగే చప్పుడు లేకుండా నడిచి వస్తానని చెప్పి లేచింది.

“నడవడం దేనికి? బండిలోనే రా,” అంది కూకమ్. “సరిగ్గా మా గుమ్మం ముందే ఆపు. ఎవరైనా అడిగితే జబ్బు నాకని చెబుతాలే.”